పాలరంగు కొంగు, తెల్లపొడి పొట్లం

గద్వాలలో మగ్గమున్న ఏ ఇంటికి వెళ్లి అమీనాబీ గురించి అడిగినా, ముందు ఆమె వేళ్ల గురించి చెప్పి ఆ తర్వాతే మనిషి గురించి చెప్తారు. గద్వాల చీరకు ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. నేత కొంగు దగ్గరికి వచ్చేసరికి నూలు పోగులు కోసి, వాటి కొసలకు పట్టు పోగులు ఒక్కొక్కటిగా మెలివేసి అతకాలి. ముడి వేయకూడదు, వేస్తే మగ్గం మీద పోగులు దూరే అచ్చు పళ్లలో ఇరుక్కుంటుంది. బొటనవేలూ చూపుడువేలూ కలిపి ఒక్క తిప్పు తిప్పితే రెండు పోగులూ పుట్టినప్పటి నుంచీ ఒకటే అన్నట్టు ఉండాలి. అట్లా వేల పోగులు. పోగు జారిపోకుండా వేలికొసలకు అద్దుకోవడానికి పక్కన చిప్పలో పిడకల బూడిద పెట్టుకుంటారు.

అమీనాబీ నేతగాళ్ల ఇంట్లో పుట్టలేదు, మెట్టలేదు. ఆమె మొగుడు షరీఫ్ దూది ఏకుతాడు, పరుపులు కుడతాడు. కొత్త కాపురం రోజుల్లో పక్కింటి జమ్ములమ్మ మగ్గం దగ్గర పొద్దుపోక కూర్చుని, చూసి చూసి ఆ పని పట్టేసింది. ఇప్పుడు కూతురు బుష్రా కూడా వనపర్తిలో పిల్లల తల్లి. ఆ పని ఆమెకు పుట్టింటివాళ్లు పెట్టింది కాదు, అత్తింటివాళ్లు ఇచ్చింది కాదు. తనంతట తాను సంపాదించుకున్నది. అందుకే దాని మీద ఆమెకు అంత మమకారం.

అటువంటి వేళ్లకు రెండువేల ఐదు ఎండాకాలంలో చెమట పట్టడం మొదలైంది. ఆ వయసులో ఆడవాళ్లకు ఒంట్లోంచి ఆవిర్లు రావడం మామూలే గానీ, ఈమెకు ఆ ఆవిరంతా అరచేతుల్లోకే దిగినట్టుంది. వానలు పడ్డాయి, గాలి చల్లబడింది, చేతులు మాత్రం ఆరలేదు. కొంగుతో తుడుచుకుంటే తుడిచినంతసేపే. బూడిద అద్దితే వేళ్ల మధ్య బురదయ్యేది.

ఆ బురదే ఆమె పరువు తీసింది. నాగప్ప మగ్గం మీద లేత గంధం రంగు కొంగు అతికినప్పుడు అతుకు పొడవునా బూడిద మచ్చలు పడ్డాయి. నాగప్ప ఆమెకన్నా చిన్నవాడు, అక్కా అని పిలుస్తాడు, నోరు చేసుకునే మనిషి కాదు. మచ్చలు చూసి, ఆమె మొహం చూసి, ఏమైందక్కా అన్నాడంతే. వానకు బూడిద చెమ్మ పట్టిందని అమీనాబీ అబద్ధమాడింది. నాగప్ప భార్య భీమమ్మ కుంకుడు రసం అద్ది అద్ది ఎట్లాగో ఆ మచ్చలు వదిలించింది.

కానీ నాగప్ప ఆ తర్వాత ఒక మాట అన్నాడు. మగ్గం మీద ఇప్పుడు పాలరంగు చీర నడుస్తోంది. శ్రావణం రాకముందే దాని కొంగు అతకాలి.

"పాలరంగు మీద మరక పడితే ఇగ పోదక్క. కండ్లు ఆనకుంటే జర చెప్పు, తప్పు లేదు. రాజోలి నుంచి అతికే మనిషిని పిలుస్త."

కళ్లయితే ఎంత బాగుండేది అనుకుంది అమీనాబీ. కళ్లకు అద్దాలున్నాయి. చెమట చేతులని తెలిస్తే మాత్రం ఏ నేతగాడూ మగ్గం ఛాయలకు రానివ్వడు. చెమట తగిలితే జరీ నల్లబడుతుందని వాళ్ల భయం, అందులో న్యాయం లేకపోలేదు. కళ్లు బాగానే ఉన్నాయని, పాలరంగు కొంగు తానే అతుకుతానని చెప్పి ఇంటికొచ్చింది. దారి పొడవునా అరచేతులు చీరకు తుడుచుకుంటూనే ఉంది. ఈ పని పోతే తనెవరు? పరుపుల షరీఫ్ భార్య. ఆ పేరులో తప్పేమీ లేదు గానీ, అది ఆమెకు చాలదు.

షరీఫ్‌కు ఈ గొడవేదీ తెలియదు. ఆయన బాధ ఆయనకుంది. పరుపులు కుట్టే ఇళ్లలో ఇచ్చిన చాయ్ ఇచ్చినట్టు తాగి తాగి కడుపులో మంట తెచ్చుకున్నాడు. తింటే మంట, తినకపోతే ఇంకా మంట. చివరికి ఎల్లయ్య దగ్గరికి వెళ్లాడు. ఎల్లయ్య సర్కారు దవాఖానలో కాంపౌండరుగా చేసి దిగిపోయి, బస్టాండు దారిలో చిన్న మందుల దుకాణం పెట్టుకున్నాడు. ఆయన మందు ఊరికే ఇవ్వడు. దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పి మరీ ఇస్తాడు. వినే ఓపిక లేనివాళ్లు వేరే దుకాణానికి పోతారు.

షరీఫ్‌కు ఓపిక ఎక్కువ. అంతా విని, ఆ రోజు అన్నం ముందు కూర్చుని అమీనాబీకి పూసగుచ్చినట్టు అప్పజెప్పాడు. ఈ తెల్లపొడి పేరు మెగ్నీషియం కార్బొనేట్ అట. అన్నం తిన్నాక నీళ్లలో కలుపుకుని తాగితే కడుపులో పులుపును విరిచేస్తుందట. దీన్నే ఉప్పులో చిటికెడు కలిపితే వానాకాలంలో కూడా ఉప్పు గడ్డకట్టదట. మొహానికి పూసుకునే పౌడర్లలోనూ కలుపుతారట, చెమట పీలుస్తుందని. ఎక్కువ తాగితే మాత్రం విరేచనాలు పట్టుకుంటాయట. అందుకని ఎల్లయ్య లెక్కగా వారానికి సరిపడా పొట్లాలే కట్టిస్తాడు. చెప్పడమంతా అయ్యాక షరీఫ్ ఒక పొట్లం విప్పి అరచేతిలో పోసుకుని, దూది బరువు చూసినట్టు తూకం చూసి మెచ్చుకున్నాడు. తాను ఏకిన దూది కూడా ఇంత తేలికగా ఉండదన్నాడు.

అమీనాబీ ఇవేవీ చెవిన పెట్టలేదు. ఆమె మనసంతా పాలరంగు కొంగు మీదుంది.

మూడోనాడో నాలుగోనాడో ఆయన గ్లాసులో ఆమే పొడి పోసింది. అది నీళ్లలో కరగదు, పైన తేలుతూ ఉంటుంది. చెంచా కనబడక వేలితో కలిపింది. పొట్లం కాగితం మడుస్తుంటే మిగిలిన పొడి వేళ్లకంటింది. కాసేపటికి చూసుకుంటే వేళ్లు పొడిగా ఉన్నాయి. ఎన్ని నెలలైందో ఆ వేళ్లు అట్లా ఉండి! తన చీర అంచు నుంచి రెండు పోగులు లాగి మెలివేసింది. అతుక్కున్నాయి. గట్టిగా లాగింది. ఊడలేదు. ఆమెకు ప్రాణం లేచొచ్చింది. మొగుడు అప్పజెప్పిన పాఠమంతా అప్పుడు గుర్తుకొచ్చింది.

ఎల్లయ్య దగ్గరికి వెళ్లి నాక్కూడా కొంచెం పొడి కావాలని అడిగితే పోయేది కదా అని మీరంటారు. అడగలేదు. ఎల్లయ్య రోజూ సాయంత్రం కూర్చునేది నాగప్ప ఇంటి అరుగు మీదే. ఆయన నోట్లో పడ్డ మాట చీకటిపడేలోగా నాగప్ప చెవిలో ఉంటుంది. మొగుడికైనా చెప్పొచ్చు కదా అంటారు. చేతులు బాగలేవని తెలిస్తే ఆ మనిషి మగ్గం మాన్పించి మంచమెక్కిస్తాడు. కాబట్టి ఆమె గూట్లోంచి ఒక పొట్లం తీసి నడుముకు దోపుకుంది. తర్వాత ఇంకొకటి. మగ్గాల దగ్గర దొరికే తెగిన పట్టు పోగులు ఏరుకొచ్చి పొద్దస్తమానం మెలివేసి చూసింది. పొడి అంటిన చోట మరక లేదు, విదిలిస్తే గాలికి పోతోంది.

మొగుడి మందు తీసుకుంటున్నానన్న ముల్లు లోపల గుచ్చుకోకపోలేదు. అయితే ఆశ్చర్యంగా, ఆమె తీసుకోవడం మొదలుపెట్టిన రోజుల్లోనే షరీఫ్ తనకు నయమైపోయిందని ప్రకటించాడు. మంట లేదట, పొడితో పని లేదట. అయినా వారం కాగానే వెళ్లి పొట్లాలు తెచ్చి గూట్లో పెట్టేవాడు. ఎందుకంటే, ఉంటే మంచిదనేవాడు. అమీనాబీ అల్లాకు మొక్కుకుని, రెండు పొట్లాలు తీసేచోట మూడు తీసింది.

ఆ రోజుల్లోనే ఆయనకు వంటింటి పిచ్చి పట్టుకుంది. కూరలో కారం వద్దు, పులుసులో చింతపండు వద్దు. పచ్చిమిరపకాయలు కనబడితే పక్కింటికి ఇచ్చేసేవాడు. మజ్జిగ తెచ్చి ముందు ఆమెకు పోసేవాడు. ఆమె రెండోసారి చాయ్ పెట్టుకుంటే గిన్నె లాక్కున్నంత పని చేసేవాడు. ఒకసారి దోసకాయలు మోసుకొచ్చి, తిను, చలువ చేస్తుందని కూర్చున్నాడు. కడుపు ఆయనదైతే పథ్యం నాకా అని అమీనాబీ విసుక్కుంది. పాలమూరు మనిషికి కారం లేని కూర పెట్టడం కన్నా పస్తుంచడం నయమని గొణిగింది. ఆయన నవ్వేసి ఊరుకున్నాడు. ఇంకోరోజు, ఒకసారి ఎల్లయ్య దగ్గరికి పోదాం రమ్మని అడిగాడు. తోడు కోసం కాబోలనుకుని, మగ్గం పనుందని ఆమె తప్పించుకుంది.

ఒక మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి షరీఫ్ దూది మూటను కడుపుకు అదుముకుని ముందుకు వంగి కూర్చున్నాడు. నుదుటి మీద చెమట. ఏమైందని అడిగితే, దూది మెత్తదనం చూస్తున్నానన్నాడు. దూదిని కడుపుతో చూసేవాణ్ని ఆమె ఎక్కడా చూడలేదు. అయినా నమ్మింది. నమ్మడం తనకు అవసరం కనుక నమ్మింది, పాపం.

పాలరంగు కొంగు అతికే రోజు వచ్చింది. అమీనాబీ పొద్దున్నే తలస్నానం చేసి, పొట్లాలు చిప్పలో విప్పి పోసుకుని మగ్గం ముందు కూర్చుంది. బూడిద ఏదని భీమమ్మ అడిగితే, తెల్లచీరకు తెల్లబూడిదే మేలంది. అది అబద్ధమో నిజమో ఆమెకే తెలియదు. వేళ్లు పొడిలో అద్దడం, పోగు తీయడం, తిప్పడం, వదలడం. కొంచెం సేపటికి పాత అమీనాబీ వచ్చి ఆ పీట మీద కూర్చుంది. చేతులు వాటంతటవే నడిచాయి. పొద్దు నడినెత్తి దాటి వాలేసరికి చివరి పోగు అతికింది.

నాగప్ప వచ్చి వంగి చూశాడు. కిటికీ రెక్క తెరిచి వెలుతురులో చూశాడు. అతుకు పొడవునా బొటనవేలు నడిపించాడు. పాలరంగు పాలరంగుగానే ఉంది. భీమమ్మా, అక్కకు చాయ్ పెట్టు అన్నాడు. మెచ్చుకోవడం అంటే నాగప్పకు అదే. అమీనాబీకి కళ్లు చెమర్చాయి. ఆ చాయ్ ఇంకా పొయ్యి మీద ఉండగానే నాగప్ప ఇంట్లో ఫోను మోగింది. ఎల్లయ్య దుకాణం నుంచి. షరీఫ్ పరుపు కుడుతూ కుడుతూ మెలికలు తిరిగిపోయాడట, ఆ ఇంటివాళ్లు తెచ్చి ఎల్లయ్య దగ్గర పడుకోబెట్టారట.

నాగప్ప మోపెడ్ తీశాడు. అమీనాబీ చేతులైనా కడుక్కోకుండా వెనక కూర్చుంది.

దుకాణంలో బల్ల మీద షరీఫ్ ఒక పక్కకు ఒత్తిగిల్లి పడుకున్నాడు. మొహం పాలిపోయింది గానీ మెలకువగా ఉన్నాడు. ఎల్లయ్య అప్పుడే మందు పట్టించి ఒంటికాలి మీద లేస్తున్నాడు. పొట్లాలన్నీ తీసుకుపోతున్నాడు, ఒక్కటి తింటలేడట, నిలదీస్తే ఇప్పుడు చెప్తున్నాడు అని చేతులు తిప్పాడు. అమీనాబీ మొగుడి వంక చూసింది. షరీఫ్ తేలు కుట్టిన దొంగలా కళ్లు దించుకున్నాడు.

"నేనే చెప్త," అన్నాడు ఎల్లయ్య. "చెల్లే, నీ కడుపుల మంట సంగతి నువ్వు ఈయనకు చెప్తలేవంట. గూట్లకెల్లి మందు దొంగతనంగ తీస్కుంటున్నవంట. అడిగితే ఏం లేదంటవని, నీకు తక్కువ పడొద్దని, ఈయన తన మందు బంద్ జేసిండు. నీకు గూడ ఇయ్యమని నన్నడిగిండు. మనిషిని చూడంది ఇయ్య, తీస్కరా అన్న. నువ్వు రాకపోతివి. ఎన్ని నెలలైతుంది నీకు మంట?"

అమీనాబీకి బుష్రా పెళ్లిలో తాను చలిజ్వరం దాచిపెట్టి, నికా అయిన మరుక్షణం వంటపొయ్యి దగ్గర కూలబడిపోవడం గుర్తుకొచ్చింది. ఆ రోజు నుంచి ఈ మనిషి తన మొహం చదవడం నేర్చుకున్నాడు. అడిగితే చెప్పనని తెలిసి అడగడం మానేశాడు. కారం మానింది, మజ్జిగ పోసింది, దోసకాయలు మోసింది ఆయన కోసం కాదు, తన కోసం.

ఎల్లయ్య జవాబు కోసం చూస్తున్నాడు. వాకిట్లో మోపెడ్ పక్కన నాగప్ప నిలబడి వింటున్నాడు. అవును, మంట ఉంది అంటే చాలు. చేతుల సంగతి ఎవరికీ తెలియదు, పాలరంగు కొంగు మీద వచ్చిన పేరు నిలుస్తుంది, మగ్గం నిలుస్తుంది. షరీఫ్ మాత్రం రేపటి నుంచి మళ్లీ తన మందు ఆమె కోసం గూట్లో పెడతాడు.

అమీనాబీ రెండు చేతులూ ముందుకు చాచి అరచేతులు విప్పింది. వేలికొసలు తెల్లగా ఉన్నాయి. అందరూ చూస్తుండగానే అరచేతుల్లో చెమట ఊరి, ఆ తెలుపు మీద గీతలు కట్టింది.

"నా కడుపుకు ఏం కాలేదన్న. మందు నేను తినలే. చేతులకు చెమట పడుతుందని పూసుకున్న," అంది. తర్వాత నాగప్ప వైపు తిరిగింది. "బూడిద చెమ్మ పట్టలేదు నాగప్ప. నీతో అబద్ధం చెప్పిన. చెమట నా చేతులదే."

షరీఫ్ మెల్లగా లేచి కూర్చుని ఆ చేతుల వంక చూశాడు.

"అంటే నీకు మంట లేదా?"

"లేదు."

"ఎన్నడు లేకుండెనా?"

"ఎన్నడు లేదయ్యా."

షరీఫ్ గుండెల నిండా ఊపిరి తీసుకుని వదిలాడు.

"అయితే నాకు తగ్గినట్టే," అన్నాడు.

అమీనాబీ అప్పుడు ఏడ్చింది. ఆ తెల్లచేతులతోనే మొహం కప్పుకుని ఏడ్చింది. మొహమంతా పొడి అయింది. చెంపకు పౌడరు పూసిన పెళ్లికూతురిలా ఉన్నావని షరీఫ్ అంటే, నోరు మూసుకుని పడుకోమని కసిరింది. కసురుకుంటూనే ఆయన భుజం పట్టుకుని వదల్లేదు.

ఎల్లయ్య ఊరుకోలేదు. బరువులెత్తే పహిల్వాన్లు చేతులకు రాసుకునేది గిదే పొడి, ఒక్క మాట అడిగుంటే డబ్బాడు ఇచ్చేవాణ్ని కదా అని ఇద్దర్నీ కలిపి చీవాట్లు పెట్టాడు. ఆ తర్వాత చీటీ రాసి దవాఖానకు పంపాడు. డాక్టరు పుండు మొదలైందని, ఇంకొన్నాళ్లు ఇట్లాగే ఓర్చుకుని ఉంటే చెడ్డపని అయ్యేదని మందులు రాశాడు. కారం, చాయ్ పూర్తిగా మాన్పించాడు.

నాగప్ప వాళ్లను ఇంటి దగ్గర దింపి, వెళ్లబోతూ ఆగాడు. అమీనాబీ గుమ్మంలో తల వంచుకుని నిలబడింది. అనవలసిన మాట ఏదో అనేయనీ అనుకుంది.

"ఎల్లుండి ఇంకో కొంగు ఉంది అక్క," అన్నాడు నాగప్ప. "ఆ పొడి తెచ్చుకో. రాజోలాయనకు గూడ చెప్తా, బూడిద బంద్ జెయ్యమని."

మర్నాడు పరుపుల పనికి పోవద్దని కట్టడి చేస్తే షరీఫ్ ఇంట్లో కూర్చుని ఏదో కుట్టాడు. సాయంత్రం ఆమె ఒళ్లో పడేశాడు. నిమ్మకాయంత చిన్న సంచి. పలచని బట్ట, లోపల మెత్తగా ఏకిన దూది, ఆ దూది నిండా ఎల్లయ్య ఇచ్చిన పొడి. పరుపుల సూదితో వేసిన కుట్లు కాబట్టి ఒక్కొక్కటీ వేలెడంత ఉంది. వేళ్ల మధ్య పట్టుకుని ఒకసారి నొక్కితే చాలు, కావలసినంత పొడి అద్దుకుంటుంది. ఎక్కువ రాదు, చిందదు. మగ్గాల వీధిలో ఇప్పుడు అందరికీ అటువంటివి కావాలి. షరీఫ్ కుట్టి ఇస్తాడు గానీ, మొదటిదానంత వంకరగా మళ్లీ కుట్టలేకపోయాడు.

"ఇగ మీద నీకేమన్నయితే నాకు చెప్పాలె," అన్నాడు ఆరోజు.

"మరి నువ్వో?"

షరీఫ్ చెప్తానని మాటివ్వబోయి, ఆమె మొహం చూసి మానేశాడు.

అందుకే ఇప్పుడు రోజూ అన్నం తినగానే ఆయన పొడి ఆమే కలుపుతుంది, చెంచా చేతికందేంత దగ్గరలో ఉన్నా వేలితోనే. నడుముకు ఆ వంకర సంచి దోపుకుని, పక్కన మగ్గం ఎదురుచూస్తున్నా సరే, గ్లాసు అడుగున చుక్క మిగలకుండా ఆయన తాగేదాకా గుమ్మం దాటదు.